మా ఇంటి వంతు

ఆ రోజుల్లో దేశాన్ని కాపాడాలంటే తెల్లవారుజామున ఐదింటికి లేవాల్సి వచ్చేది. ఇప్పుడూ నాకు ఐదింటికే మెలకువ వస్తుంది గాని, కాపాడటానికి చుట్టుపక్కల ఏమీ కనిపించదు. మోకాళ్లకు నూనె రాసుకుంటూ పాలవాడి సైకిలు గంట కోసం కూచుంటాను. అలా కూచున్నప్పుడల్లా నల్లగొండలో మా కాలేజీ వెనకనున్న మైదానం గుర్తొస్తుంది, దాంతోపాటు కుడికాలి మడమ కూడా కాస్త సలుపుతుంది. చైనాతో యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది అది. కాలేజీలో చేరిన ప్రతి మగపిల్లవాడూ సైనిక శిక్షణ తీసుకుని తీరాలని పైనుంచి హుకుం వచ్చింది. రేపు మళ్లీ యుద్ధమొచ్చి ఫౌజులో మనుషులు చాలకపోతే మమ్మల్ని పిలుస్తారట. పరేడుకు రానివాణ్ని పరీక్షకు కూర్చోనివ్వరట. ఈ రెండింటిలో మా వాళ్లను భయపెట్టింది రెండోదే.

నిజం చెప్పాలంటే కాలేజీలో చాలామంది ఆ పరేడును తప్పించుకోవడానికే బుర్రలు అరగదీసేవారు. ఒకడికి వారానికోసారి కడుపునొప్పి. ఇంకొకడికి ఆ ఏడాది ముగ్గురు తాతలు పోయారు, నాలుగో తాత దగ్గర దొరికిపోయాడు. నేను మాత్రం ఒక్కనాడూ మానలేదు. నాకది గర్వం. మాది మర్రిగూడ దిక్కు మెట్ట పల్లె, జొన్నలూ ఆముదాలూ తప్ప మరో పంట ఎరగం. మా ఊళ్లో ఖాకీ బట్ట కనిపించేది పోస్టుమాను ఒంటిమీదే. అటువంటి ఊరివాడికి ఖాకీ అంగీ, ఖాకీ నిక్కరు, ఇత్తడి బిళ్ల ఉన్న టోపీ, నడుముకు పటకా, కాళ్లకు బూట్లు ఇచ్చి, 'నువ్వు దేశానికి అక్కరకొచ్చే మనిషివి' అంటే వాడికి కళ్లు నెత్తికెక్కవా? నాకు ఎక్కాయి. (బూట్లు మాత్రం నా పాదాలకంటే ఒక సైజు పెద్దవి. అంతకుముందు చెప్పులు తప్ప తొడిగినవాణ్ని కాదు గనక బూటంటే లోపల కాలు అటూ ఇటూ తిరగడం దాని స్వభావమేమో అనుకున్నాను.)

మాకు పరేడు నేర్పడానికి వచ్చిన హవల్దారు ఎక్కడో ఉత్తరాది మనిషి. మీసాలు రెండూ సమానంగా ఉన్నాయా లేవా అని పొద్దున్నే అద్దంలో కొలుచుకుంటాడని చెప్పుకునేవాళ్లం. మేం ఏ తప్పు చేసినా 'పీఛే ముడ్' అని వెనక్కి తిప్పి పరుగెత్తించేవాడు, అందుకని ఆయనకు పీఛేముడ్ సాబ్ అని పేరు పెట్టాం. ఆయన చేతిలో ఒక బెత్తం ఉండేది. అది రోజుకోసారైనా నా వీపును పలకరించేది. చిన్నప్పటినుంచీ ఆముదపు చేలో వంగీ, బుడ్డి దీపం ముందు వంగీ నాకు కొంచెం గూని అలవాటైంది. "కమర్ సీధా! నీది వీపు ఉందా, కొడవలి ఉందా?" అని తనకు వచ్చిన తెలుగులో అరిచేవాడు. నేను వీపు నిలబెట్టేవాణ్ని. ఆయన అవతలి వరుసకు పోగానే అది మళ్లీ కొడవలి అయ్యేది.

దసరా సెలవులకు ఊరికి ఖాకీలోనే పోయాను. బస్సు దిగి మూడు మైళ్లు నడవాలి. మడమలు ఒరుసుకుపోతున్నా బూట్లు విప్పలేదు, విప్పితే ఎవరు చూస్తారు? ఇంటి ముందు అవ్వ (మా నాయనమ్మ) జొన్నలు చెరుగుతోంది. బాపు అరుగు మీద గోడకు ఆనుకుని కూచున్నాడు. బాపుకు అప్పటికి నలభై అయిదేళ్లు దాటలేదు గాని వెన్ను బిగుసుకుపోయింది, మెడ తిరగదు. పక్కనుంచి ఎవరైనా పిలిస్తే చిన్న చిన్న అడుగులు వేస్తూ మనిషంతా తిరిగి చూడాలి. మా ఊళ్లో అలాంటివాళ్లు ఇంటికొకరున్నారు. పట్నం నుంచి డాక్టర్లు వచ్చి మా బావి నీళ్లు సీసాల్లో పట్టుకుపోయారు. నీళ్లలోనే ఏదో ఉందన్నారు గాని ఆ తరువాత మళ్లీ రాలేదు. మేం అవే నీళ్లు తాగుతూ దానికి వాతమని పేరు పెట్టుకున్నాం.

అవ్వ నన్ను కిందినుంచి పైదాకా చూసి, మొదటి ప్రశ్నే గురి చూసి వేసింది. "జీతమెంతిస్తరు బిడ్డా?"

"జీతం ఉండదవ్వా."

"మరెందుకు? మానెయ్యి."

"మానేస్తే ఊకోరు. కంపల్సరీ. అంటే చెయ్యక తప్పదన్నట్టు."

అవ్వ చేట కింద పెట్టింది. "జీతం లేదు. చెయ్యక తప్పదు. పొద్దు పొడవకముందే పోవాలె. ఓరి నా కొడుకా, గిది వెట్టి గదరా! పీడ పోయిందనుకుంటే నల్లగొండల దాగిందా?"

(వెట్టి అంటే ఏమిటో తెలియని అదృష్టవంతుల కోసం చెబుతున్నాను. నిజాం కాలంలో దొరలకూ అధికారులకూ మా బోటివాళ్లు కూలి లేకుండా చేసిన చాకిరి అది. శిస్తు లెక్కలు చూసే గిర్దావరు దౌరాకు, అంటే ఊళ్ల తనిఖీకి, వస్తే ఆయన మంచం, పెట్టె, నీళ్ల కాగు పక్క ఊరిదాకా నెత్తిన మోయాలి. దానికి ఊళ్లో వంతులు వేసేవారు, ఇంటికో మనిషి. అన్నకు జ్వరమొస్తే తమ్ముడు పోవాలి, కొడుకు లేకపోతే తండ్రి పోవాలి. ఎవరు పోయారని ఎవరూ అడగరు. ఆ ఇంటినుంచి ఒకరు నిలబడితే చాలు.)

నాకు ఒళ్లు మండిపోయింది. గర్వంగా ఖాకీ తొడుక్కొచ్చిన వాణ్ని పట్టుకుని వెట్టివాడంటే మండదా? "వెట్టి కాదవ్వా, దేశసేవ! యుద్ధమొచ్చి ఫౌజుల మనుషులు తక్కువైతే, వాళ్లకు బదులు మేం పోతం!" అని అరుగు మీద బూటు కాలు దబ్బున కొట్టాను. (నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగాయి, దేశభక్తి అనుకున్నారు.)

బాపు మనిషంతా నా వైపు తిరిగాడు. "వాళ్లకు బదులు మీరు పోతరా?"

"ఆ, బాపూ."

"గట్లయితే మంచిదే," అని మళ్లీ గోడ వైపు తిరిగాడు. దేశసేవ అంటే ఏమిటో మా బాపుకు అర్థమయ్యేలా చెప్పగలిగానని ఎంత మురిసిపోయానో! అవ్వ మాత్రం వదల్లేదు. "తిండన్న పెడ్తున్నరా?" అంది. పరేడు అయ్యాక రెండు పూరీలు, ఒక అరటిపండు ఇస్తారని చెప్పాను. "అయితే జర మంచి వెట్టే," అని చేట అందుకుంది. మర్నాడు ఖాకీలు ఉతికి, గంజి పెట్టాలంటే ఇంట్లో బియ్యం లేక, జొన్న అంబలి పలచన చేసి అందులో ముంచి ఆరేసింది. నిక్కరు తానే నిలబడేంత గట్టిగా వచ్చింది. సెలవుల తరువాత మొదటి పరేడులో చెమట పట్టగానే నా వరుస వరుసంతా పులిసిన అంబలి వాసన. పీఛేముడ్ సాబ్ మూడుసార్లు ముక్కు ఎగబీల్చి, మైదానం అవతల మేస్తున్న మేకల్ని అనుమానించాడు.

ఇక జనవరి వచ్చింది. ఇరవయ్యారో తారీకు జెండా పండగ నాడు జిల్లా పెద్దలందరి ముందూ మా కాలేజీ కవాతు. ముందు వరుసకు పన్నెండు మందిని ఏరారు. వీపు ఎలా ఉన్నా పొడుగున్నాను గనక నా పేరు కూడా పిలిచారు. పండగ దాకా రోజూ పరేడు, ఒక్కరోజు రాకపోయినా ముందు వరుసలోంచి పేరు తీసేస్తానని సాబ్ తేల్చి చెప్పాడు. ఆ సాయంత్రమే బాపుకు ఉత్తరం రాశాను. 'ముందు వరుస' అన్న మాట కింద రెండు గీతలు గీశాను. మా ఊళ్లో ఉత్తరాలు పోస్టుమానే చదివి వినిపించేవాడు, చావడి దగ్గర, గొంతెత్తి. అంటే ఊరంతటికీ నేను ముందు వరుసలో ఉన్నట్టే లెక్క. ఇక వెనక్కి పోయే దారి లేదు.

అక్కడే మడమ ఎదురుతిరిగింది. దసరా నాటి పుండు మానుతూ రేగుతూ ఉండి, పండగ నాలుగు రోజులుందనగా చీము పట్టింది, గజ్జల్లో బిళ్లలు కట్టాయి, ఒళ్లు కాలిపోయింది. ఆ సాయంత్రమే, ఉత్తరం విన్నాక ఇంట్లో కాలు నిలవక, జొన్న రొట్టెలూ మిరప్పొడీ మూటగట్టుకుని బాపు నా కిరాయి గదికి దిగాడు. నన్ను చూడగానే రిక్షా పిలుచుకొచ్చి దవాఖానకు తీసుకుపోయాడు. సూది వేసి, కట్టు కట్టి, రెండు రోజులు కాలు కింద పెట్టవద్దన్నారు. గదికొచ్చాక నేను చిన్నపిల్లాడిలా ఏడ్చాను. దేశాన్ని కాపాడాల్సినవాణ్నన్న సంగతి గుర్తుకే రాలేదు.

"రేపు పోకపోతే పేరు తీసేస్తరు బాపూ. ఊళ్లె ఏం ముఖం పెట్టుకోని తిరగాలె?"

బాపు తడిగుడ్డ నా నుదుటిమీద వేస్తూ అడిగాడు. "ఇంటికి ఎందరు పోవాలె?"

"ఇంటికా? ఒక్కడినే," అన్నాను జ్వరపు మత్తులో.

"ఎన్ని గంటలకు?"

చెప్పాను. "ఫికర్ జెయ్యకు. పండుకో," అన్నాడు. ఆ మాటకు ఎందుకో ప్రాణం కుదుటపడి నిద్రపోయాను.

తెల్లవారి లేచేసరికి జ్వరం దిగింది. గదిలో బాపు లేడు. బూట్లు మూలన ఉన్నాయి, పటకా మేకుకు వేలాడుతోంది, దాని పక్కన టోపీ లేదు. నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక లుంగీ పైకి కట్టి, ఒక కాలికి చెప్పు, ఒక కాలికి కట్టుతో, కుంటుకుంటూ మైదానానికి పోయి ప్రహరీ గోడ కూలిన చోట చాటుగా నిలబడ్డాను.

ముందు వరుసలో పదకొండు ఖాకీల మధ్య ఒక ధోవతి. భుజాన మడిచిన గొంగడి. తలపాగా మీద నా టోపీ, ఇత్తడి బిళ్ల చెవి మీదికి వచ్చింది. (నా జాగా ఏదో చూపించి నిలబెట్టింది మా వాళ్లే. అంత మంచి వినోదాన్ని ఎవరు వదులుకుంటారు?) సాబ్ రిజిస్టరు తెరిచి పేర్లు పిలుస్తున్నాడు. నా పేరు వచ్చింది.

"హాజిర్ సాబ్!" అన్నాడు బాపు. నిజాం కాలంలో గిర్దావరు ముందు పలికిన గొంతు కాబోలు, మైదానమంతా వినిపించింది.

సాబ్ తలెత్తాడు. మెల్లగా నడిచి వచ్చాడు. "తుమ్ కౌన్?"

"పొలగాని బాపును సాబ్. వానికి జరమొచ్చింది. ఇంటికొక మనిషే గద, వానికి బదులు నేనొచ్చిన. మా ఇంటి వంతు ఎన్నడు తప్పలేదు సాబ్. గిర్దావరు దౌరాకొచ్చినప్పుడు గూడ తప్పలే."

మైదానం పగలబడి నవ్వింది. గోడ చాటున నేనేం చేశానో ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు చెప్పేస్తున్నాను. వెనక్కి తిరిగాను. ఆ ధోవతి మనిషి ఎవరో నాకు తెలియనట్టు గదికి పోయి ముసుగు తన్నుదామని నాలుగడుగులు వేశాను కూడా. కాలు నొప్పి వల్ల ఆగానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఇప్పుడు మాత్రం అంత నమ్మకంగా చెప్పలేను.

వెనకనుంచి సాబ్ గొంతు వినిపించి మళ్లీ గోడ దగ్గరికి వచ్చాను. అలవాటు కొద్దీ ఆయన బెత్తం బాపు వీపు దాకా పోయింది. అక్కడ దానికి పనేమీ దొరకలేదు. ఒకసారి చుట్టూ తిరిగి చూశాడు. "ఫౌజ్ మే థే?"

"లేదు సాబ్. మా ఊరి నీళ్లు గసొంటియి."

మళ్లీ నవ్వులు. సాబ్ గిరుక్కున తిరిగాడు. "చుప్! ఈ కమర్ చూడు! ఏడాది నుంచి నేను మొత్తుకుంటాను, ఇట్లా నిలబడు, ఇట్లా నిలబడు. ఒక్కరికి వచ్చిందా? ఈయనకు ఒక్క రోజులో వచ్చింది!" ఆయనకు తెలియదు. ఆ వీపు వంగక, జారిన చెప్పు తొడుక్కోవడానికి బాపు ముసలి తల్లిని కేకేయాలని ఆయనకెలా తెలుస్తుంది? నాకు తెలుసు. అయినా సరే, మా బాపును అంతమంది ముందు ఎవరో మెచ్చుకుంటుంటే, ఛాతీ కొంచెం ఉబ్బిన మాట కూడా నిజమే.

ఆ ఊపులో సాబ్ "దహినే దేఖ్!" అని అరిచాడు. తలలన్నీ టక్కున కుడివైపుకు తిరిగాయి. బాపు మెడ తిరగదు గదా, చిన్న చిన్న అడుగులు వేస్తూ మనిషంతా తిరిగాడు. తిరిగేసరికి ఎదురుగా, కూలిన గోడ సందులో, లుంగీలో నేను.

"ఏందిరా! కాలు కింద పెట్టొద్దన్నరు గద! పో, పోయి పండుకో. ఈడ నేనున్న గద!"

తప్పించుకునే వీలు లేదు. మైదానం మొత్తం నన్నే చూస్తోంది, అదీ హుకుం ప్రకారం. కుంటుకుంటూ పోయి బాపు పక్కన నిలబడ్డాను. సాబ్ రిజిస్టరు ముందు పెట్టి అడిగాడు. "ఇద్దరిలో హాజర్ ఎవరు?"

నేనని చెప్పవచ్చు. మైదానంలో ఉన్నాను, నిలబడే ఉన్నాను, సాబ్ కూడా బహుశా ఆ మాట కోసమే అడిగాడు. "మా బాపు, సాబ్," అన్నాను. "నేను గైర్‌హాజర్." ఆ ఏడాది మొత్తంలో నా వీపు బెత్తం లేకుండా నిలబడింది అప్పుడొక్కసారే.

"బదులు నడవదు," అన్నాడు సాబ్.

"ఎందుకు నడవదు సాబ్?" బాపు నిజంగానే తెలియక అడిగాడు. "ఫౌజుల మనుషులు తక్కువైతే వీళ్లు బదులు పోతరట. వీడే చెప్పిండు. మరి వీడు తక్కువైనప్పుడు వీనికి బదులు నేను రావొద్దా?"

సాబ్ మీసం సవరించుకున్నాడు. పెన్సిలు నాలుకకు తడిపి, నా పేరు ముందు ఏదో గీసి, రిజిస్టరు మూశాడు. వారం తరువాత దొంగచాటుగా చూశాను, అక్కడ ఉన్నది హాజర్ గుర్తే. ముందు వరుస మాత్రం దక్కలేదు, నా జాగాలో నలుగురు తాతల వాడు నిలబడ్డాడు. పరేడు అయ్యాక బాపుకు కూడా రెండు పూరీలు, ఒక అరటిపండు ఇచ్చారు. అరటిపండు తిని, పూరీలు తువ్వాలు కొంగున కట్టి నా కోసం తెచ్చాడు. "వెట్టిల పూరీలు పెట్టుడు నా పుట్టుకల సూడలే," అన్నాడు. అప్పుడు దేశసేవ అని దిద్దబోయి, పూరీ నోట్లో ఉండటంతో ఊరుకున్నాను.

ఇరవయ్యారు నాడు ఇద్దరం జనంలో, పెద్దమనుషుల వేదిక వెనక కూచున్నాం. మా కాలేజీ వరుసలు వేదిక ముందుకు రాగానే 'దహినే దేఖ్' వినిపించి తలలన్నీ మా వైపుకు తిరిగాయి. బాపు కంగారుపడి అంగీ గుండీ పెట్టుకున్నాడు. "అందరు మన దిక్కే సూస్తున్నరేందిరా? ముందే చెప్తే మంచి అంగి తొడుక్కొస్తుంటి గద!" అన్నాడు. వాళ్లు చూసేది పెద్దమనుషుల్ని అని నేను చెప్పలేదు. ఇప్పటికీ చెప్పి ఉండాల్సిందని అనిపించదు.

తరువాత ఇంకో యుద్ధం వచ్చింది. నేను రేడియో దగ్గర చెవి పెట్టి కూచున్నాను, ఎవరూ పిలవలేదు. కొన్నాళ్లకు కంపల్సరీ తీసేశారు. నాకు షాద్‌నగర్‌లో గుమాస్తా ఉద్యోగం వచ్చింది, ముప్పై ఏళ్లు కాగితాలు కుట్టి రిటైరయ్యాను. బాపు అరవై చూడకుండానే పోయాడు. చివరికి ఆయన్ని మంచం మీద తిప్పడానికి ఇద్దరు కావలసి వచ్చేది. ఊళ్లో ఆ బావి నీళ్లు నేనూ ఇరవై ఏళ్లు తాగినవాణ్నే గనక నాకూ కొంత వాటా దక్కింది. పదేళ్లుగా మెడ తిరగడం మానేసింది. నా భార్య పక్కనుంచి పిలిస్తే మనిషంతా తిరుగుతాను, అప్పటికి ఆమె చెప్పదలుచుకున్నది వంటింట్లోకి వెళ్లిపోయి ఉంటుంది.

మొన్న బతికే ఉన్నానని సంతకం పెట్టడానికి పింఛను ఆఫీసుకు పోయాను. పొడుగాటి లైను, కూచోవడానికి జాగా లేదు. నా ముందూ వెనకా ఉన్నవాళ్లంతా వంగిపోయి, గోడకు చేరగిలబడి ఉన్నారు. నేనొక్కణ్నే మధ్యలో నిటారుగా నిలబడ్డాను, వంగే వీలు లేక. కిటికీలోంచి చూసిన కుర్ర గుమాస్తా ముచ్చటపడి, "సార్, మీరు ఫౌజులో చేసిండ్రా?" అని అడిగాడు. మర్రిగూడ నీళ్ల సంగతి చెబుదామని నోరు తెరిచాను. ఈ వయసులో కూడా గర్వం చావలేదు చూడండి, నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఆ," అన్నాను, "మా ఇంట్ల ఇద్దరం చేసినం."